బూదికోట నుంచి లాల్‌బాగ్ దాకా: ఒక తోట, దాని ఋతువులు, కోలారు తెలుగు

కోలారు పేరు వినగానే ఎవరికైనా బంగారు గనులు గుర్తుకు వస్తాయి. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనులను చేపట్టింది. 1902లో శివనసముద్రం నుంచి విద్యుచ్ఛక్తి వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. జిల్లా చరిత్రను ఈ నాలుగు మెట్ల మీద చెప్పి ముగించడం రివాజైపోయింది. అయితే అదే జిల్లాలో గనులకంటే పాతదీ, గనులు మూతపడ్డాక కూడా కొనసాగుతున్నదీ మరొక చరిత్ర ఉంది. అది తోటల చరిత్ర. దాని కేంద్రం జిల్లా సరిహద్దు దాటి బెంగుళూరు లాల్‌బాగ్‌లో ఉంది. ఆ తోటలో ఋతువును బట్టి జరిగే ప్రదర్శనలనూ, అక్కడ నడిచే శిక్షణ తరగతులనూ కోలారు వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం. ఆ చరిత్రకు ఆధారాలు ప్రభుత్వ నివేదికల్లోనే కాదు, మన వంటింటి మాటల్లోనూ ఉన్నాయని చూపదలచాము.

లాల్‌బాగ్‌ను 1760లో వేయించిన హైదరాలీ పుట్టింది కోలారు జిల్లా బంగారుపేట తాలూకాలోని బూదికోటలో. కన్నడంలో బూది అన్నా తెలుగులో బూడిద అన్నా ఒకటే. తండ్రి ఫతే మహమ్మదు శిరా నవాబు కొలువులో ఉండి బూదికోటను జాగీరుగా పొందాడు. ఆయన సమాధి ఇప్పటికీ కోలారు పట్టణంలో ఉంది. శిరాలో ఉండిన మొగలాయి పద్ధతి తోటను చూసి హైదరాలీ లాల్‌బాగ్‌కు రూపం ఇచ్చాడని చరిత్రకారులు చెబుతారు. తరవాత టిప్పు సుల్తాను దూరదేశాల నుంచి మొక్కలు, విత్తులు తెప్పించి దాన్ని పెంచాడు. అప్పటికది రాజుల తోట. సామాన్య ప్రజ వచ్చి చూసే తోట కావడానికి ఇంకో వంద సంవత్సరాలు పట్టింది.

1856లో లాల్‌బాగ్ ప్రభుత్వ వృక్షశాస్త్రోద్యానమైంది. లండన్ దగ్గరి క్యూ ఉద్యానంలో పని నేర్చిన విలియం న్యూ, ఆయన తరవాత 1874 నుంచి 1908 దాకా జాన్ కామెరాన్ దాన్ని నడిపారు. మైసూరు నేలకు పనికివచ్చే మొక్కలేవో పరీక్షించి, పనికివచ్చినవాటిని రైతులకు పంచడం వారి ముఖ్యమైన పని. పంచాలంటే ముందు చూపాలి. 1889 నవంబరు 30న రాకుమారుడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేసిన గాజుసాల ఈ అవసరం కోసమే లేచింది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను తలపించే ఆ కట్టడాన్ని ఈనాటి యాత్రికులు ఒక అందమైన భవనంగా చూస్తారు. కట్టినవారి దృష్టిలో మాత్రం అది ఫలపుష్పాలను వరసగా పేర్చి, పోటీ పెట్టి, పేరు రాసి, అడిగినవారికి వివరం చెప్పే స్థలం. ఇప్పటి మాటలో చెప్పాలంటే చదువు రాని రైతుకు కూడా తలుపు తెరిచిన తరగతి గది.

1908లో వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబిగెల్ ఈ పనికి కాలక్రమాన్ని జోడించాడు. ఒక జాతి చెట్టు పూత ముగిసేసరికి ఇంకో జాతి పూతకు వచ్చేలా నగరమంతటా చెట్లు నాటించినవాడు ఆయనే. 1912లో మైసూరు ఉద్యాన సంఘం ఏర్పడింది. అదే సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య దివాను అయ్యారు. ఆయన పుట్టిన ముద్దేనహళ్ళి అప్పట్లో కోలారు జిల్లాలోనిదే, 2007 నుంచి చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వెళ్ళింది. ఆయన పూర్వీకుల ఊరు మోక్షగుండం మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోనిది. కోలారు ప్రాంతపు తెలుగు కుటుంబాల చరిత్రలో ఇటువంటి వలసలు ఎన్నో కనిపిస్తాయి.

నేడు లాల్‌బాగ్‌లో ఏటా రెండు పెద్ద ప్రదర్శనలు జరుగుతున్నాయి. ఒకటి జనవరిలో గణతంత్ర దినోత్సవానికి, రెండవది ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవానికి. తేదీలు జాతీయ పండుగలవి, పని మాత్రం ఋతువుది. చలిలో పూసేవాటికి జనవరి ప్రదర్శన, వానల్లో పూసేవాటికి ఆగస్టు ప్రదర్శన. అనుకున్న వారానికి పువ్వు విచ్చాలంటే నెలల ముందే విత్తు వేయాలి, కుండీలు మార్చాలి, మొగ్గ తొందరపడినా ఆలస్యమైనా సవరించుకోవాలి. పది రోజుల వేడుక వెనక తోటమాలుల ఇంత లెక్క ఉంటుంది. పూల బొమ్మలతో పాటు ఇళ్ళ తోటలకు పోటీలు, కూరగాయల చెక్కడం, జపాను పద్ధతి పూల అమరిక, మరుగుజ్జు చెట్ల పెంపకం కూడా ఉంటాయి. 2025 జనవరిలో జరిగిన 217వ ప్రదర్శనకు వాల్మీకి మహర్షి ఇతివృత్తం. కోలారు జిల్లా ముళబాగిలు తాలూకా ఆవని గ్రామంవారికి ఇది పరాయి కథ కాదు. వాల్మీకి ఆశ్రమం తమ కొండ మీదే ఉండేదని, కుశలవులు అక్కడే పుట్టారని వారి స్థలపురాణం.

ఈ ప్రదర్శనల వల్ల కోలారుకు ఒరిగిందేమిటి? జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి లేదు. పాలారు, పెన్న ఈ ప్రాంతపు కొండల్లో పుట్టినా వానల్లోనే కనిపిస్తాయి. వ్యవసాయమంతా చెరువులను, ఆ తరవాత బావులను నమ్ముకున్నదే. ఇటువంటి నేలలో ఏ పంట పెట్టాలన్నది రైతుకు బతుకు ప్రశ్న. 1963లో మైసూరు రాష్ట్రంలో ఉద్యాన శాఖ విడిగా ఏర్పడి, మరిగౌడ దానికి అధిపతి అయినప్పుడు ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. 1974 దాకా ఆ పదవిలో ఉన్న ఆయన మెట్టభూముల్లో పండ్ల తోటలు వేయించడాన్ని ఉద్యమంగా నడిపాడు. ప్రభుత్వ క్షేత్రాల్లో అంటు మొక్కలు పెంచి రైతులకు అందించారు. శ్రీనివాసపురం తాలూకా ఈనాడు మామిడికి పేరుపొందడానికి వెనక ఇటువంటి కృషి ఉంది. ఎండాకాలంలో లాల్‌బాగ్‌లోనే మామిడి మేళా పెట్టి రైతుల చేత నేరుగా అమ్మిస్తున్నారు. ఒకప్పుడు తోట నుంచి పల్లెకు వెళ్ళిన అంటు ఇప్పుడు పండై తోటకు తిరిగి వస్తున్నదన్నమాట.

ఇక మాటల సంగతి. తెలుగు జిల్లాల్లో బెంగుళూరు వంకాయ అనే కూర అందరికీ తెలుసు. అది వంకాయ జాతి కాదు, తీగకు కాసేది, పుట్టిల్లు మెక్సికో వైపు. దాన్ని లాల్‌బాగ్‌కు తెచ్చి వ్యాప్తి చేసినవాడు కామెరాన్ అని చెబుతారు. కన్నడిగులు దాన్ని సీమె బదనెకాయి అంటారు, అంటే సీమ వంకాయ. ఒకే కాయ బెంగుళూరులో సీమ నుంచి వచ్చినదైంది, మన దగ్గర బెంగుళూరు నుంచి వచ్చినదైంది. ఏ మజిలీ నుంచి ఎవరికి అందిందో ఆ మజిలీ పేరే నిలిచింది. తోతాపురి మామిడికి బెంగుళూరు మామిడి అన్న పేరు కూడా ఇదే దారిలో పరిశీలించదగ్గది. శాసనం చెప్పని వాణిజ్య మార్గాన్ని ఒక్కోసారి కూరగాయ పేరు చెబుతుంది.

కోలారు ఇళ్ళలో ఈ మాటలు ఇంకా సన్నిహితంగా మసలుతాయి. పదో శతాబ్దం తరవాత కన్నడంలో పదాది పకారం క్రమంగా హకారమైంది. మన పువ్వు వారికి హూవు, మన పండు హణ్ణు, మన పాలు హాలు. చలికాలంలో అనపగింజలను నానబెట్టి పొట్టు పితికి తీసిన పప్పు మనకు పితికిపప్పు, వారికి హితకిద బేళె. జనవరి ప్రదర్శన కాలమూ ఈ పప్పు కాలమూ ఒకటే. ప్రదర్శన ద్వారం మీద మాత్రం ‘ఫలపుష్ప ప్రదర్శన’ అని ఉంటుంది. పండు అనాలా హణ్ణు అనాలా అన్న చిక్కు లేకుండా సంస్కృతం మధ్యస్థం చేసింది. లిపులు అక్కాచెల్లెళ్ళు కావడంతో తెలుగు చదువరి ఆ పలకను తడుముకోకుండా చదువుకుంటాడు.

తరగతి గదిలో ఈ సౌకర్యం ఉండదు. ఉద్యాన శాఖ రైతుల పిల్లలకు పది నెలల తోటపని శిక్షణ ఇస్తుంది. కోలారు దగ్గర టమకలో ఉద్యాన కళాశాల ఉంది. బోధన సహజంగా కన్నడంలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. చెట్టు మీద వేలాడే పలకలో శాస్త్రనామం లాటిన్. ఇంట్లో ‘అంటు’ అని విన్న కుర్రవాడు తరగతిలో ‘కసి’ అని నేర్చుకుంటాడు, పక్కన కూర్చున్న తమిళ స్నేహితుడికి అదే ‘ఒట్టు’. మూడు భాషలు తెలిసి ఉండడం ఆ జిల్లా బిడ్డల బలం. దీనిలో తప్పుపట్టవలసింది ఏమీ లేదు, రాష్ట్ర భాషలో చదువు చెప్పడం న్యాయమే. అయితే ఫలితం ఒకటి ఉంది. తోటపని తెలుగు చేతుల్లో నిలిచింది గాని తోటపని తెలుగు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. తాత వాడిన మాట మనుమడికి పనిలో అవసరం లేకపోతే, రెండు తరాల్లో ఆ మాట పోతుంది.

పోతే ఏమవుతుందో చూడాలంటే గనుల వైపు చూస్తే చాలు. కోలారు బంగారు గనుల్లో అధిక సంఖ్యాకులు తమిళులే అయినా, చిత్తూరు మొదలైన జిల్లాల నుంచి వచ్చిన తెలుగు కార్మికులూ తరతరాలుగా పనిచేశారు. సొరంగంలోని పనికీ, పనిముట్లకూ, ప్రమాదాలకూ వారి నోట ప్రత్యేకమైన మాటలు ఉండేవి. పని ఆగిన రోజున ఆ మాటలకూ పని లేకుండా పోయింది. బేతమంగళం చెరువు నీటితో దొరల బంగళాల ముందు పెరిగిన పూలమళ్ళ సంగతీ అంతే. సయనైడు కలిసిన బూడిదరంగు మట్టి దిబ్బలు మాత్రం మిగిలాయి.

తోటకు ఉన్న అదృష్టం గనికి లేదు. గనిలో తీసింది మళ్ళీ పుట్టదు. తోటలో ప్రతి ఋతువూ పనిని మళ్ళీ మొదటి నుంచి చేయిస్తుంది, పనితోపాటు మాటనూ మళ్ళీ పలికిస్తుంది. 2018 నుంచి బెంగుళూరులో శుద్ధిచేసిన వాడుకనీరు కోలారు చెరువులకు చేరుతున్నది. దాని మంచిచెడ్డల మీద వాదాలు సాగుతున్నా, సేద్యం మారుతున్నదన్నది స్పష్టం. మారే సేద్యంతో మాటలు కూడా మారతాయి గనుక సేకరణకు ఇదే తగిన సమయం.

కోలారు, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు బంధువులున్న విద్యార్థులు మన పాఠకుల్లో కొందరైనా ఉంటారు. వారికి మా సూచన ఇది. సంక్రాంతి సెలవుల్లో ఒకసారి, మామిడి కోతల్లో ఒకసారి, వానాకాలపు నాట్లలో ఒకసారి తోటకు వెళ్ళండి. నేల, నీరు, నారు, అంటు, తెగులు, కోత, సంత అన్న ఏడు శీర్షికల కింద పెద్దలు చెప్పిన మాటలను చెప్పినట్లే రాయండి. అది కన్నడమా తెలుగా తమిళమా అన్న తీర్పు అప్పుడే వద్దు. ఎవరు, ఏ ఊళ్ళో, ఏ పని చేస్తూ అన్నారో పక్కన రాస్తే చాలు. మాటకు అర్థం రాస్తే నిఘంటువు అవుతుంది, పని కూడా రాస్తే చరిత్ర అవుతుంది. బూదికోటలో పుట్టినవాడు వేసిన తోట గురించి ఇన్ని భాషల్లో ఇన్ని పుస్తకాలు వచ్చాయి. ఆ తోట మొక్కలను తెచ్చుకుని ఎండిన నేలలో బతికించిన వారి మాటలకు ఒక చిన్న పుస్తకమైనా రావాలి.