కప్పు కొట్టే జట్టు ఎట్లా పుడుతుంది? బోస్టన్ నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ దాకా

డోన్ నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి ఎపిసోడ్‌కి కారణం మా అన్న కొడుకు. వాడు తెల్లవారుజామున ఐదింటికే లేచి ఫోన్‌లో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ చూస్తాడు. మొన్న ఒకరోజు అడిగినాడు: "చిన్నాయనా, పెద్ద పెద్ద ఆటగాళ్లను తెచ్చుకున్న టీములు ఓడిపోతాయి, ఎవరికీ పట్టని వాళ్లను పెట్టుకున్న టీములు కప్పు కొడతాయి. అసలు టీమును ఎట్ల కడతారు?"

ప్రశ్న చిన్నదే. నాకు మాత్రం బాగా గుచ్చుకుంది. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు అమెరికా లెక్క చూద్దాం. అక్కడ జట్టు కట్టడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒకటి డ్రాఫ్ట్. అంటే కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం. అందులో వెనకబడిన జట్లకే ముందు వరుస దక్కేలా ఏర్పాటు ఉంటుంది. రెండోది ట్రేడ్, అంటే ఆటగాళ్ల మార్పిడి. మూడోది ఒప్పందం అయిపోయిన ఆటగాణ్ణి జీతమిచ్చి తెచ్చుకోవడం. వీటన్నిటి మీద ఒక కళ్లెం ఉంది. జీతాల మొత్తానికి పరిమితి. 1984-85 సీజన్లో అది 36 లక్షల డాలర్లు, ఇప్పుడు కోట్లలోకి పోయింది. అంటే డబ్బున్నోడు అందర్నీ కొనేయడానికి లేదు. ఒకరికి ఎక్కువిస్తే ఇంకొకరికి తగ్గుతుంది. మన ఇంటి నెల బడ్జెట్ లాంటిదే అనుకోండి.

గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2015లో కప్పు కొట్టింది. ఆ జట్టుకు మూలస్తంభాలు ముగ్గురు. స్టెఫెన్ కర్రీని 2009లో ఏడో వరుసలో తీసుకున్నారు. క్లే థాంప్సన్‌ను 2011లో పదకొండో వరుసలో, డ్రేమండ్ గ్రీన్‌ను 2012లో ముప్పై అయిదో వరుసలో తీసుకున్నారు. ముగ్గురిలో ఎవరూ మొదటి వరుస వాళ్లు కారు. ఒకరికొకరు సరిపోయినారు, అంతే.

ఇంకా వెనక్కి పోతే బోస్టన్ సెల్టిక్స్. 1956లో ఆ జట్టు కోచ్ రెడ్ ఆవర్‌బాక్ ఒక పని చేసినాడు. పేరున్న ఎడ్ మకాలీని, ఇంకో మంచి కుర్రాడు క్లిఫ్ హేగన్‌ను సెయింట్ లూయిస్ జట్టుకిచ్చి, బిల్ రసెల్ అనే కుర్రాణ్ణి తెచ్చుకున్నాడు. రసెల్ పాయింట్ల వర్షం కురిపించే మనిషి కాదు. అవతలివాడు వేసే బంతిని అడ్డుకుంటాడు, తిరిగొచ్చిన బంతిని పట్టి తోటివాడికి అందిస్తాడు. 1957 నుంచి 1969 దాకా 13 సీజన్లలో ఆ జట్టుకు 11 కప్పులు వచ్చినాయి. ఆవర్‌బాక్ పాయింట్లు వేసేవాడి కోసం పోలేదు. తన జట్టులో ఏది లేదో చూసి దాన్ని తెచ్చుకున్నాడు.

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సరిగ్గా అదే కాలంలో, డ్రాఫ్టూ వేలమూ లేని మన హైదరాబాద్‌లో ఇట్లాంటి పనే ఇంకొకాయన చేసినాడు. ఆట మాత్రం ఫుట్‌బాల్. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టినాడు, వృత్తి బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయినాడు.

ఆ ఏడాదే ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పునయితే 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు కొట్టింది. కలకత్తా క్లబ్బులే ఫుట్‌బాల్ అనుకునే రోజుల్లో ఇది మామూలు మాట కాదు.

రహీం సాబ్ దగ్గర డబ్బు మూటలు లేవు. ఆటగాళ్లకు చూపించగలిగింది పోలీసు ఉద్యోగం. నెల జీతం, ఇంటికి ఒక భరోసా. ఆ రోజుల్లో పేదింటి పిల్లాడికి అది తక్కువేమీ కాదు. ఇక ఆటగాళ్లను ఆయన కొనలేదు, తయారు చేసుకున్నాడు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలు పెట్టినాడు. బంతి రాగానే తోటివాడికి ఇచ్చేయాలి. బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకో రకం పోటీ పెట్టినాడు. ఈ పోటీల్లో గెలిచేవాడు సొంత గొప్ప చూపించేవాడు కాదు, చుట్టూ ఉన్నవాళ్లను చూసేవాడు.

సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం సంగతి వినండి. పేదిల్లు. ప్రాక్టీసుకు రావడానికి దారి ఖర్చులు లేవంటే, అద్దె సైకిల్‌కు రహీం సాబే డబ్బులిచ్చినాడని బలరాం చెప్పుకునేవాడు. ఆ కుర్రాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయినాడు. రహీం సాబ్ కోచ్‌గా ఉన్న ఆ భారత జట్టులో హైదరాబాదీలు చాలామందే. మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

జట్టు కట్టడమంటే మంచోళ్లను ఏరడం ఒక్కటే కాదు, ఉన్నవాళ్లను ఎక్కడ నిలబెట్టాలో తెలియడం కూడా. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడినాం. మధ్యలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడినాయి. రహీం సాబ్ అతణ్ణి పక్కన కూర్చోబెట్టలేదు, ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించినాడు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. 2-1తో గెలిచినాం. ఒక గోల్ పీకే బెనర్జీది, ఇంకోటి ఆ జర్నైల్ సింగ్‌దే. అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూసినాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు ఇంకో స్వర్ణం రాలేదు.

ఎందుకని? నేననుకునేది చెప్తా. బలరాం 1957లోనే కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్‌లో చేరినాడు. ఆటగాళ్లు పోవడం ఎప్పుడూ ఉండేదే. పోయినవాడి చోటులోకి ఇంకొకణ్ణి తయారుచేసే మనిషి ఉన్నంతకాలం నష్టం తెలియదు. ఆ మనిషే పోతే బావిలో ఊట ఆగినట్టు. రాయలసీమ వాళ్లకు ఈ మాట వివరంగా చెప్పక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ దగ్గరిదే. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు ఐకాన్ ఆటగాడికి జట్టులో అందరికంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలని నియమం. డెక్కన్ చార్జర్స్‌లో వీవీఎస్ లక్ష్మణ్ ఆ హోదా వదులుకున్నాడు, మిగతా ఆటగాళ్ల కోసం జట్టు చేతిలో డబ్బు మిగలాలని. ఆ ఏడాది జట్టు అట్టడుగున నిలిచింది. కానీ 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టింది. ఒకరు తగ్గితే ఇంకొకరికి చోటు వస్తుంది. ఫలితం మాత్రం వెంటనే రాదు.

ఇప్పుడు నా సంగతి. 1990లలో ఇక్కడ ఒక కాలేజీలో కుర్రాళ్ల బాస్కెట్‌బాల్ జట్టును నేనే ఎంపిక చేసినాను. బుట్టలో బాగా వేసే అయిదుగురిని ఏరినాను. నాపరాళ్ల పనికి పోయే ఇంటి నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు. పెద్దగా పాయింట్లు వేయడు, కానీ బంతి ఎవరికివ్వాలో వాడికి తెలుసు, అవతలి జట్టులో బాగా ఆడేవాణ్ణి వదలడు. వాణ్ణి పక్కన పెట్టినాను. మొదటి మ్యాచ్‌లోనే చిత్తుగా ఓడినాం. అయిదుగురూ బంతి నాకంటే నాకన్నారు, ఇచ్చేవాడు లేడు. ఆ కుర్రాడు మళ్లీ గ్రౌండుకు రాలేదు. కప్పు పోయినందుకు నాకు బాధ లేదు. వాడు రాకపోవడమే ఇప్పటికీ కలుక్కుమంటుంది.

మా వాడికి ఇదంతా చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా క్లాసులో కూడా అట్లాంటోడు ఒకడున్నాడు చిన్నాయనా" అన్నాడు. రేపు పొద్దున ఆటకు పిలుచుకో అన్నాను.

ఈ భాగానికి ఇంతే. మళ్లీ కలుద్దాం, సెలవు.