నిలువ నీడకు అండ: శ్రీ ఎస్.ఆర్. శంకరన్ సేవలు

పేదల సంక్షేమానికే తన ఉద్యోగ జీవితాన్ని అంకితం చేసిన ఐ.ఎ.ఎస్. అధికారి శ్రీ ఎస్.ఆర్. శంకరన్ (1934-2010). ఆయన ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖలోను, త్రిపుర ప్రధాన కార్యదర్శిగాను, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగాను బాధ్యతలు నిర్వహించారు.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పల్లెలు దశాబ్దాల పాటు వలసలకు నిలయాలు. మేస్త్రీల వద్ద ముందుగా అప్పు తీసుకున్న ‘పాలమూరు కూలీలు’ ఇళ్లకు తాళాలు వేసి, దూర ప్రాంతాలలో ఆనకట్టలు, కాలువల పనులకు తరలివెళ్లి, అక్కడే గుడిసెలలో తలదాచుకునేవారు. స్వగ్రామంలో ఇల్లున్నా, అప్పు తీరే వరకు దాని నీడ వారికి దక్కేది కాదు.

అప్పు పేరిట శ్రమను బంధించే పద్ధతిని 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం నిషేధించింది. దీని అమలుకు శ్రీ శంకరన్ విశేష కృషి సల్పారు. విముక్తులైన కూలీల అప్పును 6వ సెక్షన్ రద్దు చేసింది. వెట్టికి ప్రతిఫలంగా వారు నివసిస్తున్న ఇంటి నుండి వారిని వెళ్లగొట్టరాదని 8వ సెక్షన్ నిర్దేశించింది. వెళ్లగొట్టినచో ఇంటిని తిరిగి ఇప్పించే బాధ్యత సబ్ డివిజన్ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుది.

1980 దశకంలో ఆయన చొరవతో నెలకొన్న సాంఘిక సంక్షేమ గురుకులాలు దళిత బాలబాలికలకు వసతి, భోజనం, చదువు ఒకేచోట సమకూర్చాయి. తల్లిదండ్రులు వలస వెళ్లినా చదువు ఆగని మార్గం ఏర్పడింది.

పదవీ విరమణానంతరం, 2002లో ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ఆయనను కమిషనర్‌గా నియమించింది. అదే కేసులో 2010లో నగరాలలోని నిరాశ్రయులకు రాత్రి బసల ఏర్పాటుపై ఆదేశాలు వెలువడ్డాయి.

అప్పు నుండి విముక్తి, ఇంటిపై హక్కు, బిడ్డలకు చదువు మూడూ కలిసి అందినప్పుడే పేద కుటుంబం స్థిరపడుతుందని ఆయన సేవలు చాటుతున్నాయి.