శివసత్తి

సంక్రాంతి దాటిన ఆదివారాల్లో సిద్దిపేట జిల్లా కొమురవెల్లి పసుపు బండారితో మెరిసిపోతుంది. మల్లన్న ముందు బోనమెత్తి, పూనకం వచ్చి శిగమూగేవాళ్లను మన దిక్కు శివసత్తులంటారు. సంస్కృతంలో ‘శక్తి’, ప్రాకృతంలో ‘సత్తి’. ఆ లెక్కన శివసత్తి అంటే శివుని శక్తి. శివుని సతి అని అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు గానీ, శిగంలో ఉన్న మనిషిని చూస్తే నాకు మొదటిదే సబబనిపిస్తుంది.

శివసత్తుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్లుగా బతుకుతున్న ట్రాన్స్‌జెండర్లూ వాళ్లలో ఉన్నారు. వీళ్లకు బజారులో తిట్టు, జాతరలో దండం! ఆ దండం గుడి దగ్గరే ఆగిపోతుంది. కిరాయికి ఇల్లడిగితే తలుపులు మూసుకుంటాయి.

నిజాం కాలపు 1329 ఫసలీ (1919) చట్టం మరీ ఘోరం. ట్రాన్స్‌జెండర్లను ‘నపుంసకులు’ అని రిజిస్టరుకెక్కించమంది. పదహారేళ్లలోపు మగపిల్లవాణ్ని దగ్గర ఉంచుకుంటే జైలుకు పంపొచ్చంది. అంటే, ఇంట్లోంచి గెంటేసిన పిల్లవాడికి అన్నం పెట్టిన పెద్ద ట్రాన్స్‌జెండర్, అదే గురువమ్మ కూడా నేరస్థురాలే. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని కొట్టేసింది, ట్రాన్స్‌జెండర్లకూ ఆసరా పింఛను ఇమ్మంది.

ట్రాన్స్‌జెండర్ల కోసం తెచ్చిన 2019 కేంద్ర చట్టం హార్మోన్ వైద్యాన్ని, కౌన్సెలింగ్‌ను ప్రభుత్వాల బాధ్యత చేసింది. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో బిడ్డను కోర్టు ఆజ్ఞ లేకుండా తల్లిదండ్రుల నుంచి విడదీయొద్దనీ అంది. తల్లిదండ్రులారా, మీ బిడ్డకు మర్యాద ఇవ్వడానికి శిగం వచ్చేదాకా ఆగకండి.