చేపల లారీ వెనక ఎర్ర దీపం

ఒకప్పుడు లారీ కంపెనీ నుంచి ఛాసిస్‌గానే వచ్చేది. చెక్క బాడీ, వెనక దీపాలు షెడ్డులో అమరేవి. విజయవాడలో 1960ల దశకంలో ఏర్పడిన ఆటోనగర్ ఈ పనికి పెద్ద కేంద్రం. తర్వాతి దశాబ్దాల్లో కొల్లేటి చుట్టూ చేపల చెరువులు పెరిగి, కైకలూరు నుంచి బొచ్చె, శీలావతి ఐసులో కలకత్తా దాకా రాత్రింబవళ్లు సాగాయి. అప్పుడు వెనక దీపం అలంకారం కాదు, ప్రాణరక్షణ.

1939 మోటారు వాహనాల చట్టం స్థానంలో 1988 చట్టం వచ్చింది. 1989 కేంద్ర నిబంధనల్లో 105వది దీపాల గురించే: పొద్దుగూకిన అరగంట తర్వాత నుంచి తెల్లవారడానికి అరగంట ముందు వరకు అవి వెలగాలి. ఫిట్‌నెస్ తనిఖీలో ఎర్ర దీపం, బ్రేక్ లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు దీపం, రిఫ్లెక్టర్లు చూస్తారు.

దీపాల ఎంపికలో అందం కంటే అమరిక ముఖ్యం. దీపాలు రెండు అంచులకూ దగ్గరగా, ఒకే ఎత్తులో ఉంటేనే వెనక వచ్చేవారికి బండి వెడల్పు తెలుస్తుంది. బ్రిటన్‌లో విడిభాగాలతో ఇంట్లో కట్టుకునే కార్లకూ ఇదే సూత్రం. అక్కడ వెనక దీపం అంచు నుంచి 400 మిల్లీమీటర్లు దాటకూడదు. చేపల లారీకి అదనపు చిక్కు నీరు: కరిగిన ఐసు కారి హోల్డర్లు తుప్పుపడతాయి. అందుకే రబ్బరు సీలు బిగువుగా ఉన్న దీపమే నయం.  రిఫ్లెక్టర్లకు బురద అడ్డే, తుడవాల్సిందే.

2018 సవరణ తర్వాత ఎనిమిదేళ్ల లోపు రవాణా వాహనాలకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్ తనిఖీ జరగాలి.