బడి కట్టిన చేతులు: నూరేళ్ళ సింహావలోకనం

పేదదేశాల్లో స్వచ్ఛంద సంస్థలు బడులు కట్టడం నిన్నమొన్నటి ముచ్చట అని చాలామంది అనుకుంటారు. దూరదేశం నుంచి వచ్చిన విరాళం, విమానం దిగిన యువ ఆర్కిటెక్టులు, రంగులేసిన గోడ ముందు పిల్లల ఫొటో మన కళ్ళకు అలవాటైంది 1990ల తరువాతే. కాని ఈ పనికి వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. చిత్రమేమిటంటే దాని తొలి అధ్యాయం పేదదేశంలో కాదు, సంపన్నదేశపు పేదపల్లెల్లో మొదలైంది.

1912లో సియర్స్ రోబక్ కంపెనీ అధిపతి, షికాగో వర్తక ప్రముఖుడు జూలియస్ రోజెన్‌వాల్డ్ తన యాభయ్యో పుట్టినరోజు కానుకగా టస్కెగీ విద్యాసంస్థకు 25 వేల డాలర్లు ఇచ్చారు. బానిసగా పుట్టి విద్యావేత్తగా ఎదిగిన బుకర్ టి. వాషింగ్టన్ అప్పుడు ఆ సంస్థను నడుపుతున్నారు. సొమ్మును అనుకున్న చోట్లకు పంచగా 2,800 డాలర్లు మిగిలాయి. ఆ మిగులుతో అలబామా పల్లెల్లో నల్లజాతి పిల్లలకు ఆరు చిన్న బడులు కడతామని వాషింగ్టన్ అడిగారు, దాత సరేనన్నారు. ఆ ఆరు బడులు 1932 నాటికి అమెరికా దక్షిణాదిలోని పదిహేను రాష్ట్రాల్లో దాదాపు ఐదువేలయ్యాయి. ముఖ్యమైన షరతు, ఊరు తన వాటా తాను పెట్టాలి. కౌలు రైతులు కోళ్ళమ్మి, పత్తిచేలో ఒక చెక్కను బడి పేరున విడిచి, కలప కొట్టి తెచ్చి, కూలి పుచ్చుకోకుండా గోడలెత్తి ఆ వాటా పూర్తిచేశారు. లెక్కలు తేలేసరికి, ఏమీ లేనివాళ్ళు కూడబెట్టింది కోటీశ్వరుడు ఇచ్చినదానికంటే కొంచెం ఎక్కువగానే ఉంది.

ఆ బడుల నమూనాలను మొదట టస్కెగీలోనే, రాబర్ట్ టేలర్ అనే నల్లజాతి ఆర్కిటెక్టు ఆధ్వర్యంలో గీశారు. పల్లెల్లో కరెంటు లేదు కనుక తూర్పు పడమటి వెలుగు గదిలోకి పడేలా పొడవాటి కిటికీలను బారులు తీర్చారు. స్థలం ఎటు తిరిగి ఉంటే ఏ నమూనా వాడాలో కూడా నమూనాల పుస్తకంలో చెప్పారు. రెండువందలకు పైగా చోట్ల బడితోపాటు ఉపాధ్యాయుడికి ఇల్లు కూడా కట్టారు. ఈ ఇంటి సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందుముందు మళ్ళీ వస్తుంది.

టస్కెగీ పద్ధతి త్వరలోనే సముద్రం దాటింది. 1920–21లో ఒకసారి, 1924లో మరోసారి ఫెల్ప్స్–స్టోక్స్ నిధి పంపిన బృందాలు ఆఫ్రికాలో చాలా ప్రాంతాలు తిరిగి, అక్కడి వలస ప్రభుత్వాలకు టస్కెగీ బాటను సిఫారసు చేశాయి. కెన్యాలోని కబేటెలో 1925లో ఆ పద్ధతిలో ఒక శిక్షణాలయం వెలిసింది. అయితే వడ్రంగం, వ్యవసాయం నేర్పితే చాలు, నల్లవాడికి పై చదువెందుకన్న ధోరణి ఇందులో దాగుందని ఆఫ్రికన్లు పసిగట్టడానికి ఎంతోకాలం పట్టలేదు. 1929 ప్రాంతంలో క్రైస్తవ మిషన్లతో తగవు ముదిరినప్పుడు కెన్యాలోని కికుయు ప్రజలు తమ పిల్లలను మిషన్ బడులనుంచి తెచ్చుకుని సొంత బడులు పెట్టుకున్నారు. ఉపాధ్యాయుల కొరత తీర్చుకోవడానికి 1939లో గితుంగురిలో సొంత కళాశాల పెట్టారు. తరువాతి కాలంలో దేశాధినేత అయిన జోమో కెన్యాట్టా దానికి కొంతకాలం ప్రిన్సిపాల్. 1952 ఎమర్జెన్సీలో బ్రిటిష్ ప్రభుత్వం ఈ బడులను మూయించింది. గోడలు పోయినా అలవాటు పోలేదు. 1963లో స్వాతంత్ర్యం రాగానే కెన్యాట్టా ఇచ్చిన హరాంబీ పిలుపు, అంటే అందరూ కలిసి లాగుదామన్న పిలుపు, ఆ పాత అలవాటు మీదే నిలబడింది. పదేళ్ళలోపే ఊళ్ళవాళ్ళు చందాలేసుకుని కట్టిన ఉన్నత పాఠశాలలు సంఖ్యలో ప్రభుత్వ పాఠశాలలను మించిపోయాయి. రాజకీయ నాయకులు చందా సభలను డాంబికానికి వాడుకోవడమూ మొదలైంది. చివరికి 2003లో ప్రభుత్వోద్యోగులు చందాలు వసూలు చేయకుండా చట్టం తేవలసివచ్చింది. కట్టడం తేలికే, జీతాలివ్వడం, మరమ్మతులు చేయించడం కష్టం. హరాంబీ బడులు చాలావరకు ఈ రెండో పరీక్షలోనే తడబడ్డాయి.

1960లలో రంగం మీదికి యునెస్కో, ప్రభుత్వాలు, సిమెంటు కంపెనీలు వచ్చాయి. కొత్తగా స్వతంత్రమైన దేశాలకు లక్షల గదులు కావాలి, అదీ త్వరగా కావాలి. ఆ కాలపు మేలైన జవాబు మెక్సికోది. పెడ్రో రామిరెజ్ వాజ్కెజ్ రూపొందించిన గ్రామీణ బడిలో ఇనుప చట్రం, కప్పు ఫ్యాక్టరీ నుంచి విడిభాగాలుగా వస్తాయి. గోడలను ఊరివాళ్ళు అక్కడ దొరికే రాయితోనో పచ్చి ఇటుకతోనో కట్టుకుంటారు. దానికి 1960లో మిలన్ త్రైవార్షిక ప్రదర్శనలో అత్యున్నత బహుమతి వచ్చింది. ఒకే కప్పు కింద ఒక తరగతి గది, పక్కనే ఉపాధ్యాయుడి నివాసం. అలబామాలో కనిపించిన ఇల్లే ఇక్కడా కనిపిస్తుంది. మారుమూల పల్లెకు పంతులు రావాలంటే ముందు ఆయన తల దాచుకునే చోటుండాలన్న సంగతి ఈ ఇద్దరు రూపకర్తలూ ఒకరినుంచి ఒకరు నేర్చుకోలేదు, పల్లె ఇద్దరికీ నేర్పింది.

మెక్సికో వివేకం మాత్రం అన్నిచోట్లకూ వెళ్ళలేదు. వెళ్ళింది సిమెంటు పెట్టె. ఆఫ్రికా సాహెల్ ప్రాంతంనుంచి బెంగాల్ డెల్టా దాకా ఒకే గది, ఒకే రేకుల కప్పు, ఎండాకాలం మధ్యాహ్నం కూర్చోలేని ఒకే వేడి. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ 1940లలోనే లక్సార్ దగ్గర కొత్త గుర్నా గ్రామంలో నూబియా మేస్త్రీల చేత దన్ను కర్రలు లేకుండా పచ్చి ఇటుక కమానులు కట్టించి చూపారు. ఆయన అనుభవం 1973లో షికాగో విశ్వవిద్యాలయం ప్రచురించిన పుస్తకంగా వచ్చేదాకా బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. కారణం ఇంజనీర్ల నిర్లక్ష్యమొక్కటే కాదు. మట్టి పేదరికానికి గుర్తు, సిమెంటు ప్రగతికి గుర్తు అని పల్లెలు కూడా నమ్మాయి. ఆ నమ్మకం ఇంకా పోలేదు.

ఈలోగా బంగ్లాదేశ్ నుంచి ఒక ఎదురు ప్రశ్న వచ్చింది. బడికి అసలు కొత్త భవనం కావాలా? ఫజ్లే హసన్ ఆబెద్ 1972లో స్థాపించిన బ్రాక్ సంస్థ 1985లో 22 ఏకగది బడులతో ప్రయోగం మొదలుపెట్టింది. ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుంటారు. వెదురు తడికలో మట్టిగోడలో, పైన రేకులు. నేలమీద చాపలేసుకుని ముప్ఫైమంది పిల్లలు కూర్చుంటారు. టీచరు ఆ ఊరి మహిళే. ఇవి తరువాత వేల సంఖ్యకు చేరాయి. భవన నిర్మాణ చరిత్రలో భవనమే కట్టని సంస్థకు చోటిస్తున్నందుకు కొందరు నొసలు చిట్లించవచ్చు. కాని దాత సొమ్మును ఇటుకలో పెట్టాలా టీచరులో పెట్టాలా అన్న ప్రశ్నను ఇంత సూటిగా అడిగినవారు మరొకరు లేరు.

1990లో జోమ్టియన్‌లో జరిగిన ప్రపంచ సదస్సు అందరికీ విద్య అని ప్రకటించింది. మలావీ 1994లో, ఉగాండా 1997లో, కెన్యా 2003లో ప్రాథమిక పాఠశాలల్లో ఫీజులెత్తేశాయి. పిల్లలు పోటెత్తారు, చెట్టుకింద తరగతులు పెరిగాయి, వాటితోపాటు విదేశీ సంస్థలూ పెరిగాయి. మంచి పని చాలా జరిగింది. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో బడులు కట్టిన ఒక అమెరికన్ సంస్థ వ్యవహారంలో 2011లో ఆరోపణలు రావడం, మోంటానా రాష్ట్ర అటార్నీ జనరల్ విచారించడం, 2012లో దాని వ్యవస్థాపకుడు పది లక్షల డాలర్లు తిరిగి చెల్లించడానికి ఒప్పుకోవడం కూడా ఈ కాలపు చరిత్రే. దాత ఎక్కడో, బడి ఎక్కడో ఉన్నప్పుడు మధ్యలో కథ చెప్పేవాడికి బలం ఎక్కువ.

ఇటువంటి కాలంలోనే బుర్కినాఫాసోలోని గాండో గ్రామం వెలుగులోకి వచ్చింది. ఆ ఊరి పెద్దగారి కొడుకు దియెబేదో ఫ్రాన్సిస్ కెరే. ఊళ్ళో బడి లేక ఏడేళ్ళకే ఇల్లు విడిచి టెంకోడోగో పట్నం వెళ్ళి, చీకటిగా, ఉక్కగా ఉన్న గదిలో వందమందికి పైగా పిల్లల మధ్య చదువుకున్నారు. వడ్రంగం నేర్చుకునేందుకు స్కాలర్‌షిప్పు మీద జర్మనీ చేరి, అక్కడ ఆర్కిటెక్చర్‌లో చేరారు. చదువు పూర్తికాకముందే, 1998లో, తోటి విద్యార్థులతో సంఘం పెట్టి చందాలు పోగుచేసి 2001కల్లా సొంత ఊళ్ళో బడి కట్టారు. మట్టితో కడతానన్నప్పుడు ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. జర్మనీలో చదివి వచ్చి మళ్ళీ మట్టేనా అన్నారు. ప్రతి వానాకాలం కరిగిపోయే గోడలు వాళ్ళకు తెలుసు మరి. ఆయన నమూనాగా ఒక మట్టి కమాను కట్టించి, దానిమీదికెక్కి గెంతి చూపించాక గాని నమ్మలేదు.

ఆ బడి పనిచేసే తీరు చెప్పుకోదగింది. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి యంత్రంతో నొక్కిన ఇటుకల గోడలు. వాటిపైన సందులు విడిచి పేర్చిన ఇటుకల లోకప్పు. దానికి బాగా ఎత్తులో, గోడలు దాటి ముందుకు చాచిన రేకుల కప్పు విడిగా నిలబడుతుంది. కిటికీలోంచి వచ్చిన గాలి వేడెక్కి లోకప్పు సందుల్లోంచి పైకిపోతుంది, రేకుల వేడి గదిలోకి దిగదు, చూరు చాచినందువల్ల వాన గోడను తాకదు. ఆ రేకులను మోసే చట్రం కూడా కాంక్రీటులో వేసే మామూలు ఇనుప ఊచలే. చేతి రంపంతో కోసి, చిన్న వెల్డింగ్ యంత్రంతో అతికించారు. ఊరికి క్రేను రాదు కనుక మనుషులు మోయగలిగినంతే బరువు. పిల్లలు బడికి వెళ్తూ తలా ఒక రాయి తెచ్చి పునాదికిచ్చారు, ఆడవాళ్ళు పాటలు పాడుతూ నేలను దిమ్మిస చేశారు. 2004లో ఈ బడికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఆ ఆవరణలో ఉపాధ్యాయుల ఇళ్ళు పూర్తయ్యాయి, అలబామా ఇల్లు ముచ్చటగా మూడోసారి. బడి పని నేర్చుకున్న ఊరి యువకులు తరువాత చుట్టుపక్కల కట్టడాలకు మేస్త్రీలయ్యారు. 2022లో కెరేకు ఆర్కిటెక్చర్‌కిచ్చే ప్రిట్జ్కర్ బహుమతి వచ్చింది, ఆ బహుమతి అందుకున్న తొలి ఆఫ్రికన్ ఆయనే. నా దృష్టిలో ఆ బహుమతికంటే ఆ మేస్త్రీలే పెద్ద ఫలితం.

బంగ్లాదేశ్ దినాజ్‌పూర్ జిల్లా రుద్రపూర్‌లో దీపశిఖ అనే స్థానిక సంస్థ కోసం ఆస్ట్రియాలో చదివిన అన్నా హెరింగర్, తోటి ఆర్కిటెక్టు ఐకే రోస్వాగ్‌తో కలిసి 2005లో కట్టించిన బడిది ఇదే వరస. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అంటుంది మన సామెత. అక్కడ గడ్డి కలిపిన అడుసును పశువుల చేత తొక్కించి, కింది అంతస్తుకు మందపాటి గోడలు పెట్టారు. పై అంతస్తు వెదురుది, దాని లోకప్పుకు రంగురంగుల చీరలు కట్టారు. ఊరి మట్టి ఇళ్ళకు లేని ఇటుక పునాది, చెమ్మ ఎక్కకుండా పొర దీనికి వేశారు. ఊళ్ళో ఉన్న విద్యకు చేర్చిన మెరుగు ఇంతే, ఇంతమాత్రానికే గోడ ఆయుష్షు ఎన్నోరెట్లయింది. లదాఖ్‌లోని షే గ్రామంలో 2001లో తెరిచిన డ్రుక్ పద్మకార్పో బడి, త్రీ ఇడియట్స్ సినిమాలో మన ప్రేక్షకులు చూసినదే, ఎముకలు కొరికే చలిలో ఎండను గోడలో నిల్వచేసుకునే ఉపాయంతో వచ్చింది.

నీటిమీద కథ వేరు. బంగ్లాదేశ్ చలన్ బీల్ ప్రాంతంలో వరదల్లో బడులు మూతపడుతుంటే, ఆర్కిటెక్చర్ చదివిన మొహమ్మద్ రెజ్వాన్ 2002లో పడవనే బడి చేశారు. పడవ రేవు రేవుకూ వెళ్ళి పిల్లలను ఎక్కించుకుంటుంది, తరగతి అయ్యాక దింపుతుంది. నైజీరియా లాగోస్‌లోని మకోకోలో ప్లాస్టిక్ పీపాల మీద తేలిన మూడంతస్తుల బడి 2013లో ప్రపంచ పత్రికలన్నిటికెక్కింది. దాని కొత్త రూపానికి 2016లో వెనిస్ ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో రజత సింహం వచ్చింది. కొద్దిరోజులకే, జూన్‌లో, మకోకో బడి గాలివానకు కూలిపోయింది. లోపల పిల్లలు లేకపోవడం అదృష్టం. దానికి భిన్నంగా బంగ్లాదేశ్ దక్షిణ కానార్చర్‌లో సైఫ్ ఉల్ హక్ రూపొందించిన బడి ఆడంబరం లేనిది. ఏటా నెలల తరబడి మునిగే నేలను పూడ్చకుండా, వెదురు గదులకింద పాత డ్రమ్ములు పెట్టారు. ఇనుప తీగ తుప్పు పడుతుందని తాళ్ళతో ముడులేశారు. నీరొస్తే బడి లేస్తుంది, తీస్తే దిగుతుంది. దానికి 2019లో ఆగాఖాన్ పురస్కారం లభించింది.

అందం సరే, ప్రాణం మాటేమిటి? 2005 అక్టోబరు 8 ఉదయం పాకిస్తాన్ ఉత్తరప్రాంతంలో భూమి కంపించినప్పుడు పిల్లలు తరగతుల్లో ఉన్నారు. వేలమంది శిథిలాల కింద పోయారు. నేపాల్‌లో ఎన్‌సెట్ అనే స్వచ్ఛంద సంస్థ 1990ల చివరినుంచే కాఠ్మండు లోయలో పాత బడుల గోడలకు భూకంప పట్టీలు బిగించే పని పెట్టుకుంది. ఊరి తాపీ మేస్త్రీలకే అది నేర్పింది. 2015 ఏప్రిల్ 25న అక్కడా భూమి కంపించింది. ఆ రోజు శనివారం, సెలవు. లోయ చుట్టూ వేల తరగతి గదులు పోయాయి, అలా బలపరిచిన బడులు నిలిచాయి. ఈ పనికి ఏ ప్రదర్శనలోనూ బహుమతి రాదు, ఎందుకంటే ఫొటోలో కనిపించేది అదే పాత బడి.

తెలుగునేలకూ ఈ చరిత్రలో కొంత భాగముంది. 1980లలో బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం గదుల నిర్మాణాన్ని, ఉపాధ్యాయ శిక్షణను కలిపి చూసింది. తలుపు తెరిచినప్పుడు కోణం తెలిసేలా నేలమీద కోణమానిని గీసే బాలా పద్ధతి, ఢిల్లీలోని విన్యాస్ సంస్థ ఆలోచన, మన బడులదాకా వచ్చింది. అమెరికానుంచో గల్ఫ్‌నుంచో సొంతూరి బడికి గది కట్టించే పూర్వ విద్యార్థులు ఇప్పుడు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. వారికొక మనవి. శిలాఫలకానికి ఆర్డరిచ్చేముందు అంచనాల కాగితంలో పదేళ్ళ మరమ్మతు ఖర్చుకు ఒక పద్దు వేయించండి, పనికి మీ ఊరి మేస్త్రీనే పిలవండి.