ఐర్లండ్–బ్రిటన్ సుంకాల పోరు (1932–1938)

సుంకం అనగా సరుకు సరిహద్దు దాటునప్పుడు ప్రభుత్వం వసూలు చేసే పన్ను. ఐర్లండ్, బ్రిటన్‌ల మధ్య ఆరు సంవత్సరాలు సాగిన సుంకాల పోరును చరిత్రకారులు ‘ఆర్థిక యుద్ధం’ అంటారు. దానికి మూలం భూమి. దాని ఫలితాలలో ఒకటి పంచదార. చెరకు తోటల సంతతివారమైన మనకు ఈ రెండూ తెలిసినవే కనుక ఆ చరిత్రను ఇక్కడ సంగ్రహిస్తున్నాము.

మూలం

బ్రిటిష్ పాలనలో ఐరిష్ కౌలుదారులు ప్రభుత్వ రుణాలతో భూస్వాముల నుండి పొలాలు కొన్నారు. ఆ రుణాన్ని ఏటేటా వాయిదాలుగా తీర్చవలసి ఉండేది. 1922లో ఐర్లండ్‌లో స్వపరిపాలన ఏర్పడిన తరువాత డబ్లిన్ ప్రభుత్వం ఆ సొమ్మును వసూలు చేసి లండన్‌కు పంపేది. 1932లో అధికారానికి వచ్చిన ఈమన్ డి వలేరా దానిని నిలిపివేశారు. ఆ జూలైలోనే బ్రిటన్ ఐరిష్ పశువులు, వెన్న మున్నగు వాటిపై నూటికి 20 వంతున సుంకం విధించింది. బదులుగా ఐర్లండ్ బ్రిటిష్ బొగ్గు, సిమెంటు, ఇనుములపై సుంకం వేసింది.

ప్రభుత్వ చర్యలు

ఐరిష్ ఎగుమతులలో నూటికి 90 పాళ్ళకు పైగా బ్రిటన్‌కే పోయేవి. అందుచేత పశువుల ధరలు పడిపోయాయి. ప్రభుత్వం ఎగుమతులకు ధనసహాయం చేసింది. 1933లో రైతుల వాయిదాలను సగానికి తగ్గించింది. గోధుమ సాగును ప్రోత్సహించింది. అమ్ముడుపోని పశువుల మాంసాన్ని పేదలకు ఉచితంగా పంచింది. దూడలను వధించి చర్మం తెచ్చినవారికి సొమ్ము చెల్లించింది. 1933లోనే ప్రభుత్వ పంచదార సంస్థను నెలకొల్పి, కార్లో పట్టణంలోని పాత కర్మాగారానికి తోడు మ్యాలో, థర్లస్, ట్యూమ్ పట్టణాలలో కొత్తవి కట్టించింది. ఆ చలిదేశంలో చెరకు పండదు. అక్కడ పంచదారను బీట్ దుంప నుండి తీసేవారు.

భారం ఎవరిది?

తనకు రావలసిన సొమ్మును బ్రిటన్ సుంకం రూపంలో రాబట్టుకున్నది. సంతలో పశువులు కొనే వర్తకుడు ఆ సుంకాన్ని ముందే లెక్కకట్టి ధర తగ్గించేవాడు. ఆ విధంగా రైతు డబ్లిన్‌కు సగం వాయిదా కడుతూనే, అదే బాకీని పశువుల ధరలో మరల చెల్లించాడు.

ముగింపు

1935లో బొగ్గుకు బదులు పశువులు అనే ఒప్పందంతో బిగువు కొంత సడలింది. 1938 ఏప్రిల్ 25న సంధి కుదిరింది. ఐర్లండ్ ఒక్కసారిగా 1 కోటి పౌన్లు చెల్లించుటకు అంగీకరించింది; బ్రిటన్ ప్రత్యేక సుంకాలను ఎత్తివేసి, తన అధీనంలో ఉంచుకున్న మూడు నౌకాశ్రయాలను తిరిగి ఇచ్చింది. ఏటా సుమారు 30 లక్షల పౌన్ల వాయిదాలు ఆ మొత్తంతో తీరిపోయాయి. రాజ్యానికి అది మంచి బేరమే. ఆరేళ్ళు పశువులను నష్టానికి అమ్ముకున్న రైతు లెక్క మాత్రం వేరు.