ఊరి రోడ్డు – మరమ్మతు పద్దు

పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖలో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైన వాణ్ణి. రోడ్డు వేయడం కన్నా దాన్ని నిలబెట్టుకోవడమే కష్టమని పద్దులు నాకు నేర్పాయి. ఆ పద్దుల చరిత్ర కొంత సభ్యుల ముందుంచుతున్నాను.

ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండగా 1871లో లోకల్ ఫండ్ చట్టం వచ్చింది. భూమి శిస్తుతో పాటు వసూలయ్యే సెస్సు, దారిలో బండ్లు కట్టే టోలు రోడ్లకు ఆధారమయ్యాయి. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. సొమ్మూ, బాధ్యతా ఒకే చోట ఉండేవి.

మోటార్లు వచ్చాక ఆ రాబడి చాలలేదు. 1927లో నియమించిన జయకర్ కమిటీ, రోడ్ల భారం స్థానిక సంస్థల శక్తిని మించిపోతున్నదని చెప్పింది. 1929 నుంచి గ్యాలను పెట్రోలుపై రెండణాల అదనపు సుంకంతో కేంద్ర రోడ్డు నిధి మొదలైంది. 1931లో మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం స్థానిక సంస్థల టోళ్లను తీసివేసి, బదులుగా పరిహారం ఇచ్చే ఏర్పాటు చేసింది. అప్పటినుంచి ఊరి రోడ్డు పైనుంచి వచ్చే సొమ్ముకోసం ఎదురుచూడడం ఎక్కువైంది.

1959 చట్టంతో జిల్లా బోర్డుల స్థానంలో జిల్లాపరిషత్తులు, పంచాయతీ సమితులు వచ్చాయి. బాధ్యత చేతులు మారింది గాని, ఎదురుచూపు పోలేదు.

రోడ్డుకు శత్రువు నీరు. తొలకరికి ముందే పక్కకాలువ పూడిక తీసి, ఎత్తుపెరిగిన అంచులు చెక్కి, తూములు శుభ్రం చేస్తే సగం గుంతలు పడవు. కాని నేను చూసిన మరమ్మతుల గ్రాంటు పలుమార్లు మార్చి నెలాఖరున వచ్చి, బిల్లులు తయారయ్యేలోగా మురిగిపోయేది. కాలువ పూడిక మాత్రం అలాగే ఉండేది. చిన్న ఖర్చుతో పోయేది, రెండు వర్షాకాలాల తర్వాత మళ్లీ కొత్త రోడ్డు ఎస్టిమేటుగా తిరిగివచ్చేది. కొత్త రోడ్డుకు శంకుస్థాపన ఉంటుంది. కాలువ తీయడానికి ఎవరు కొబ్బరికాయ కొడతారు?

2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు నిర్వహించాలన్న షరతు పెట్టారు. మంచి ఆలోచన. ఆరో ఏడు సంగతే ప్రశ్న.

నా మనవి ఇంతే. ప్రతి ఊరి రోడ్డుకూ మురిగిపోని మరమ్మతు పద్దు ఒకటి విడిగా ఉండాలి. ఆ లెక్క పంచాయతీ బోర్డుపై కనిపించాలి. పద్దులు చదవడం తెలిసిన మన సభ్యులు గ్రామసభలో లేచి ఆ లెక్క అడిగితే, పింఛనుదారులుగా మనం ఊరికి చేయగల సేవల్లో అదొకటి అవుతుంది.